నాన్నకి సూది ఒక్కసారే

ఒరేయ్ హాజిమ్,

నాన్నకి జెంటామైసిన్ సూది ఇఫ్తార్‌కి సగం, తెల్లవారుజామున సహర్‌కి సగం వెయ్యకు. డాక్టర్ రాసినట్టు రోజు మోతాదు మొత్తం ఒక్కసారే వెయ్యాలి. రంజాన్‌లో మాత్రలన్నీ మనం అలాగే పంచి వేసుకుంటాం, నిజమే. "ముసలి ప్రాణం అక్కా, ఒకేసారి తట్టుకోలేడు" అన్నావు చూడు, నీ మనసు మంచిదే, లెక్కే తప్పు.

మా ల్యాబులో చూస్తున్నది ఇదే. ఒంట్లో మిగతా కణాలు ఈ మందుని చాలావరకు గుమ్మం తొక్కనివ్వవు. కిడ్నీ కణాలు మాత్రం మూత్రంలో పోయేదాంట్లోంచి పనికొచ్చేవి ఏరుకుంటూ దీన్నీ మింగేస్తాయి. అదే వాటికి విషం. కానీ వాటి నోరు చిన్నది. ఒక్కసారే ఎక్కువ వస్తే పట్టినంతే మింగుతాయి, మిగతాది బయటికి కొట్టుకుపోతుంది. కొంచెం కొంచెంగా ఇస్తే రోజంతా మింగుతూనే ఉంటాయి. విచిత్రంగా లేదూ? తెగిన చెప్పు కూడా పారేయనివ్వని మనిషికి కిడ్నీలూ ఆయనలాంటివే దొరికాయి!

ములూఖియా కూర ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకో. గిన్నె నువ్వే కడుగు. నిన్నటిలా నాకోసం దాచిపెట్టకు.

రిహాబ్

చెప్పడం మరిచా. ఈ మందు వాడినన్నాళ్లూ నీళ్లు బాగా తాగాలి, ఉపవాసం వద్దని డాక్టర్ అన్నారని నేను చెబితే, "అలాగేనమ్మా, గ్లాసు అక్కడ పెట్టు" అన్నారు నాన్న. గ్లాసు రోజూ ఖాళీ అవుతోంది. ఆయన మంచం పక్కన పుదీనా కుండీ ఎన్నడూ లేనంత ఏపుగా పెరిగింది. నేనైతే దానికి ఒక్కరోజూ నీళ్లు పోయలేదు. నువ్వు పోశావా?