ఆగి జవాబు చెప్పే పిల్ల గురించి

అయ్యా,

విషయం: ఆదర్శ పాఠశాల హోదా వలన నా కుమార్తె చదువుకు కలుగుతున్న అంతరాయము తొలగించుట గురించి.

విద్యాధికారి గారి సముఖమునకు, బడి గేటు ఎదుట దర్జీ దుకాణం నడుపుకొనువాడను, మనవి చేసుకొనునది ఏమనగా, నా ఏకైక కుమార్తె సదరు పాఠశాలలో అయిదవ తరగతి చదువుచున్నది. నిజంగా చదువుచున్నదో లేదో తమరే తేల్చి చెప్పాలని ఈ అర్జీ పెట్టుకొంటున్నాను.

1. సదరు పాఠశాలను నిరుడు ఆదర్శ పాఠశాలగా ప్రకటించితిరి. గోడలకు రంగులు వేయించితిరి. ఒక గదికి కొత్త కిటికీలు, కొత్త బల్లలు వచ్చినవి. ఆ రోజు మేమందరం సంతోషించాం. అప్పటి నుంచి ఆ గదిని చూడటానికి ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. పై ఆఫీసుల వారు, వేరే ఊళ్ల పంతుళ్లు, కెమెరాల వాళ్లు, ఎవరో ఏమిటో మాకు తెలియని వాళ్లు. వచ్చిన వారందరికీ నీటి చక్రం పాఠం చెప్పి చూపిస్తారు. సముద్రంలో నీరు ఆవిరవుతుంది, మేఘమవుతుంది, వానగా కురిసి మళ్లీ సముద్రంలో కలుస్తుంది. ఏడాదిగా అదే నీరు, అదే ఆవిరి. ప్రశ్న సగంలో ఉండగానే జవాబు వచ్చేస్తుంది. వచ్చినవారు చప్పట్లు కొట్టి కార్లెక్కుతారు.

మా అమ్మాయి అలా చెప్పదు. అడిగింది వింటుంది, కాసేపు ఆగుతుంది, అప్పుడు చెబుతుంది. చిన్నప్పటి నుంచీ అంతే. తిన్నావా అని అడిగినా ఆగే చెబుతుంది. అందుచేత ఎవరైనా వచ్చే రోజున పిల్లను ఇంట్లోనే ఉంచవలసిందిగా ముందు రోజు కబురు వస్తుంది. ఇలాంటి పిల్లలు ఆ తరగతిలో ఇంకా ఉన్నారు. వాళ్ల అమ్మానాన్నలు పొద్దున్నే పనులకు పోతారు, అర్జీలు రాసే తీరిక లేదు.

మొదట్లో మా ఆవిడ బడికి పోయి గొడవ పెట్టుకుంది. ఇప్పుడు పొద్దున లేచి, ఇవాళ ఎవరన్నా వస్తున్నారా అని అడుగుతుంది. వస్తున్నారంటే పిల్లకు జడ వేయదు. అంతే.

2. పాఠశాలకు ప్రధానోపాధ్యాయులు లేరు. పాత సారు రిటైరైన తరువాత ఆ కుర్చీ ఖాళీగానే ఉన్నది. మూడు తరగతులు చెప్పే మేడమ్‌నే ఇన్‌ఛార్జిగా పెట్టినారు. వచ్చినవారికి ఎదురెళ్లేదీ ఆవిడే, పైకి రిపోర్టులు పంపేదీ ఆవిడే, నీటి చక్రం చెప్పేదీ ఆవిడే. మిగతా పాఠాలు ఎవరు చెబుతున్నారని తమరు విచారించగలరు. నేను విచారించితిని, ఎవరూ చెప్పడం లేదు.

ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని చూశాను. ఒకరోజు నా దుకాణంలో స్టూలు మీద కూర్చొని, మంచినీళ్లు అడిగి తాగి, నేనేమీ అనకముందే తనే అన్నారు: "మీ అమ్మాయికి రాక కాదన్నయ్యా. అన్నీ వచ్చు. కానీ వచ్చినవాళ్లకి అంతసేపు ఆగే తీరిక ఉండదు. ఒక్క పిల్ల నోరు తెరవకపోతే నాకు మెమో వస్తుంది." ఆ మాట చెబుతూ గేటు వైపే చూస్తూ కూర్చున్నారు, ఎవరైనా వచ్చేస్తారేమోనని. నాకు కోపం రాలేదు. నీళ్లు ఇంకో గ్లాసు ఇచ్చాను.

3. సందర్శన గదిలో కూర్చునే పిల్లలకు కొత్త యూనిఫాం కుట్టమని పై నుంచి గుడ్డ వచ్చినది. కుట్టుపని నాకే ఇచ్చినారు, అందుకు కృతజ్ఞుడను. మేడమ్ పిల్లలను వరుసగా దుకాణానికి పంపినారు. ఆ రోజు కూడా ఎవరో వచ్చి వెళ్లారు కాబట్టి మా అమ్మాయి దుకాణంలోనే ఉంది. నేను టేపు పట్టి కొలత చెబుతుంటే తను రాసుకుంది. స్నేహితులను ఊపిరి పీల్చకండి, కదలకండి అని ఆటపట్టించింది. అందరి కొలతలూ అయిపోయాయి. ఇంకెవరైనా ఉన్నారా అని గుమ్మం దాకా వెళ్లి చూసి వచ్చింది. తరువాత టేపు చుట్టి సొరుగులో పెట్టింది. నా వైపు చూడలేదు.

గుడ్డ మిగిలింది. గుడ్డ మిగల్చడం రాని దర్జీ ఉండడు, తమకు తెలియనిది కాదు. తనకూ ఒక జత కుట్టి ఉండొచ్చు. ఎక్కడికి తొడుక్కుని పోతుందని కుట్టలేదు.

అన్నట్టు, వచ్చినవారి ముందు అందరికంటే చురుగ్గా జవాబులు చెప్పే పిల్లవాడిని ఆ రోజు ఊరికే అడిగాను. నీ చొక్కాకు మీటరున్నర గుడ్డ పడితే రెండు చొక్కాలకు ఎంత కావాలిరా అని. వాడు నవ్వి, "ఆ పాఠం మాకు చెప్పలేదు మామయ్యా" అన్నాడు. కనుక గదిలో ఉన్న పిల్లలకు కూడా న్యాయం జరుగుతున్నదని చెప్పజాలను.

4. ఇక లాభం లేదని టీసీ అడిగితిని. పెద్ద రోడ్డు అవతలి బడిలో చేర్చుదామని, ఫీజుకు అప్పు తెచ్చుకుందామని మా ఆవిడా నేనూ అనుకున్నాం. టీసీ ఇవ్వ వీలుపడదన్నారు. ఆదర్శ పాఠశాలలో చదువు మానేసే పిల్లలుండరట, ఒక్కరు పోయినా హోదా పోతుందట. పైగా మా అమ్మాయి హాజరు నూటికి నూరు ఉన్నదని మెచ్చుకున్నారు. ఇంట్లో ఉన్న రోజులకు కూడా హాజరు పడుతోంది. టీసీ లేనిదే చేర్చుకునేది లేదని అవతలి బడి వారు అన్నారు. అంటే పిల్ల ఈ బడిలో లేదు, ఈ బడి వదిలి పోయే దారీ లేదు.

5. ఈ అంశం కింద ఏదో రాద్దామనుకొని అంకె వేశాను. గుర్తు రావడం లేదు. ఈ మధ్య ఇలాగే అవుతోంది.

కావున తమరు దయతలచి, ఎవరు వచ్చినా నా కుమార్తెను తరగతిలో కూర్చోనిచ్చునట్లు, లేని పక్షంలో టీసీ ఇచ్చునట్లు ఉత్తర్వులు దయచేయించవలసినదిగా ప్రార్థన. హోదా తీసేయమని నేను అడగడం లేదు, రంగులు బాగానే ఉన్నాయి. తమరు వచ్చే వారం స్వయంగా పాఠశాలకు వస్తున్నారని కబురు వచ్చినది. ఆ రోజు మా అమ్మాయిని ఇంట్లో ఉంచమని కూడా వచ్చినది. ఈ నాలుగు ముక్కలూ అంతకు ముందే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
దర్జీ,
బడి గేటు ఎదుటి దుకాణం.

తా.క. అయ్యా, కవరు అంటించబోతూ ఇది రాస్తున్నాను. దుకాణంలో ఊరికే కూర్చోవడం ఎందుకని పిల్ల కాజాలు కుట్టడం నేర్చుకుంది. బాగా కుడుతోంది. గిరాకీలు మెచ్చుకుంటున్నారు, నాకూ చేదోడుగా ఉంది. నిన్న మేడమ్ కబురు పంపారు, రేపు ఎవరూ రావడం లేదు, పిల్లను పంపండి అని. దుకాణంలో పని చాలా ఉంది. నేనే పంపలేదు. పిల్ల కూడా అడగలేదు. పొద్దుటి నుంచి మెషీన్ దగ్గరే ఉంది. తమరు ఉత్తర్వు ఇచ్చేటట్లయితే, పిల్లను బడికి పంపి తీరాలని నాకు కూడా అందులో గట్టిగా రాయండి.