వెనక్కి నడవని కారు

తమ్ముడికి,

విడిభాగాలు తెచ్చి మనం షెడ్డులో కట్టుకున్న కారుకు ఏ బ్యాటరీ కొనాలని అడిగావు. బైక్ ఇంజన్ కాబట్టి దానికి రివర్స్ గేరు లేదు. బయటికి తీయాలంటే ఇన్నాళ్లూ నేనే వెనక్కి తోశాను. ఇప్పుడు నీ కొత్త స్నేహితుడు వెనక్కి నడిపే మోటారు బిగిస్తానని, అందుకు పెద్ద బ్యాటరీ కావాలని అంటున్నాడు. "ఈ కాలంలో కారు తోసేవాళ్లు ఎవరన్నా ఉన్నారా అన్నా?" అని అతను నన్నడిగితే నువ్వూ నవ్వావు.

పెద్దది కొనకు. బరువెక్కువ, దాన్ని నిండా చార్జి చేయడం బైక్ ఇంజన్ వల్ల కాదు. బైక్ బ్యాటరీ చాలు.

మోటారు పెడితే సుఖమేనని నాకూ తెలుసు. కానీ వైరింగు పని అతను తీసుకున్నాడు. పక్కసీటు కూడా అతనిదే అయింది. నాకు మిగిలింది ఆ తోయడం ఒక్కటే.

ఆదివారం తోయడానికి వస్తాను. అతన్ని పిలవకు.

అన్నయ్య