రికార్డులో ఎడమ పేజీ

పటమట, విజయవాడ,
ఆదివారం మధ్యాహ్నం.

అమ్మకీ నాన్నకీ దండాలు.

నేను బాగానే ఉన్నాను. మీరెలా ఉన్నారు? అమ్మా, నీ వేళ్ళ పగుళ్ళు తగ్గాయా? ఐసులో చేతులు పెట్టే ముందు కొబ్బరినూనె రాసుకోమన్నాను, రాసుకుంటున్నావా? నాన్న దగ్గు ఎలా ఉంది? చెరువు గట్టు మీద కాపలాకి మఫ్లరు లేకుండా వెళ్ళొద్దని చెప్పు. నేను చెప్పానని చెప్పకు, అప్పుడు అసలు కట్టుకోడు.

ఫోనుండగా ఉత్తరమేంటి అనుకుంటావు. ఫోనులో నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను, నాన్న లాక్కుని పెట్టేస్తాడు. ప్రతిసారీ ఇదే వరస. కాగితం మీద అరిస్తే మధ్యలో ఎవరూ పెట్టెయ్యలేరు కదా. శ్రావణీ, ఈ అక్క ఉత్తరం అమ్మ నీ చేతే చదివించుకుంటుంది. ఇబ్బందిగా ఉన్న చోట దాటెయ్యకు. నీ గొంతు మారితే అమ్మ పట్టేస్తుంది.

ఇక్కడ అప్పుడే ఎండ మొదలైంది. హాస్టల్ రూములో నలుగురం. కిటికీ తీస్తే హైవే దుమ్ము, మూస్తే ఉక్క. సాంబారని పోసేది పప్పు కడిగిన నీళ్ళు. నువ్విచ్చిన ఎండురొయ్యల పొడి డబ్బా మూత తీశానో లేదో వార్డెనమ్మ మెట్ల మీద నుంచే "ఎవరే అది, హాస్టలనుకున్నారా చేపల మార్కెట్టనుకున్నారా" అని కేకేసింది. అయినా తిన్నాను. మళ్ళీ పంపు, మూత గట్టిగా ఉన్న డబ్బా చూసి. ఒంటరిగా ఉందా అని అడిగావు పోయినసారి. నలుగురిలో ఉన్నాను, ఒంటరిగానే ఉంది. దానికి నువ్వు చేసేదేం లేదు, వదిలెయ్.

ఇక అసలు సంగతి. కంప్యూటర్ సారు శ్రావణి రికార్డు మీద సంతకం పెట్టనన్నాడు. సంతకం లేకపోతే ప్రాక్టికల్స్‌కి కూర్చోనివ్వరు. ప్రాక్టికల్స్ పోతే ఇంటర్ పోయినట్టే. పోతే దాన్ని కూడా నీతోపాటు రొయ్యల షెడ్డుకి పంపించేస్తానని నాన్న అన్నాడు. "ఆ ఒక్క లైను రాసేస్తే దాని సొమ్మేం పోయిందే? వద్దని ఎక్కించింది నువ్వే, రాయమని కూడా నువ్వే చెప్పు" అని నువ్వేడ్చావు. ఆ లైనేంటో నీకెవరూ సరిగ్గా చెప్పలేదు. చెప్తాను విను.

మీ షెడ్డులో రొయ్యల్ని సైజు వారీగా ట్రేల్లో పేరుస్తారు కదా, డేటాబేస్ అంటే అలాంటి ట్రేలే, రొయ్యల బదులు లెక్కలుంటాయి. ఈ ట్రేలోంచి తీసి ఆ ట్రేలో వెయ్యి, ఖాళీ అయితే ఆపెయ్ అని మేస్త్రి వరసగా చెప్తాడు చూడు, అది ప్రొసీజరు. శ్రావణి కోర్సులో నేర్పేది అదే. నేర్పాల్సింది, అనాలి. కాలేజీలో ల్యాబుకి తాళం. లోపల కంప్యూటర్లకి కవర్లు. నేను చదివినప్పుడూ అంతే. అడిగితే "పాడైపోతే ఎవడు బాగుచేయిస్తాడు, మీ నాన్నా?" అనేవాడు సారు. బోర్డు మీద ప్రోగ్రాము రాసేవాడు, మేం రికార్డులో కుడి పేజీలో దించేవాళ్ళం. ఎడమ పేజీలో స్కేలు పెట్టి డబ్బా గీసి, అందులో పెన్సిల్‌తో కంప్యూటర్ ఇచ్చే జవాబు రాసేవాళ్ళం. ఏ కంప్యూటరూ ఇవ్వలేదు, సారే చెప్పేవాడు. ప్రతి డబ్బాలోనూ ఆఖరి లైను ఒకటే: ప్రొసీజర్ సక్సెస్‌ఫుల్లీ కంప్లీటెడ్. పని సక్రమంగా పూర్తయిందని. రెండేళ్ళు రాశాను అమ్మా ఆ లైను. ఒక్కటంటే ఒక్క ప్రొసీజరు నడవగా చూడలేదు. ఫస్ట్ క్లాసులో పాసయ్యాను.

మొదటి రోజు ఆఫీసులో ఏమైందో ఇంతవరకు మీకు చెప్పలేదు. బెంజ్ సర్కిల్ దగ్గర మా ఆఫీసులో, ఓనరు ప్రసాద్ గారు "ఏదీ, నీకొచ్చింది ఒకటి కొట్టి చూపించమ్మా" అన్నారు. నాకు బట్టీ. టకటకా కొట్టాను. కుడి పేజీ మొత్తం కొట్టి, ఆగకుండా ఎడమ పేజీ కూడా కొట్టేశాను. ఆ డబ్బాలో లైనుతో సహా. అది కంప్యూటర్ చెప్పాల్సిన మాటని, మనం కొట్టేది కాదని నాకు తెలీదు. స్క్రీను నిండా ఎర్రర్లు. ప్రసాద్ గారు వెనక నిలబడి "పరీక్షా నువ్వే రాసి, పాసని నువ్వే వేసుకున్నావేంటమ్మా" అన్నారు. ఆఫీసంతా నవ్వింది. ఇప్పటికీ నన్ను పేరు పెట్టి పిలవరు. "ఏయ్ సక్సెస్‌ఫుల్లీ, టీ వచ్చింది" అంటారు. ఏడవలేదు. ఒళ్ళు మండింది. ఫోనులో వీడియోలు చూసి, చెడగొట్టి, బాగుచేసి, మళ్ళీ చెడగొట్టి నేర్చుకున్నాను. ఎవడూ నేర్పలేదు. జీతం తక్కువ కాబట్టి ఉంచుకున్నారు, అంతే.

ఆటోనగర్‌లో లారీ స్పేర్‌పార్టులమ్మే షాపు ఒకటుంది. వాళ్ళ స్టాకు లెక్క మా ఆఫీసు సాఫ్ట్‌వేరే చూస్తుంది. అక్కడ గోడౌన్ చూసే సాంబయ్య గారని ఒకాయన. నేను వెళ్తే ఫ్యాను కింద స్టూలేసి, మజ్జిగ తెప్పించేవాడు. పోయిన వర్షాకాలం నుంచి లెక్క తేడా రావడం మొదలైంది. క్లచ్ ప్లేట్లు కంప్యూటర్లో ఎక్కువ, గోడౌన్‌లో తక్కువ.

"అమ్మాయ్, నీ కంప్యూటర్ అబద్ధమాడుతోందే" అన్నాడు నవ్వుతూ.

"దానికి అబద్ధం రాదు బాబాయ్ గారూ, మీరే ఇంకోసారి లెక్కపెట్టండి" అన్నాను నేను. నవ్వుతూనే.

తర్వాత దొంగని ముద్రేసి ఆయన్ని పనిలోంచి తీసేశారు.

ఈ మధ్య వేరే పని మీద ఆ ప్రోగ్రాము తెరిచాను. నాకు ముందు ఎవరో రాసింది. ప్రొసీజరులో ఏదైనా తేడా జరిగితే ఏం చెయ్యాలో చివర రాస్తాం. అక్కడ "ఏం జరిగినా ఊరుకో" అని రాసుంది. మన కాలేజీ సారూ సరిగ్గా అదే రాయించేవాడు, అలా పెడితే ఎర్రర్లు రావర్రా అని. కంపెనీ కొన్ని పార్టుల నెంబర్లు మార్చింది. పాత నెంబరుతో బిల్లు కొడితే సరుకు బయటికెళ్ళిపోతుంది, కంప్యూటర్లో స్టాకు తగ్గదు. ప్రోగ్రాము మధ్యలో తన్నేసి ఆగిపోతుంది. నోరెత్తదు. ఎత్తకపోగా పని సక్రమంగా పూర్తయిందని చెప్తుంది. సాంబయ్య గారు ఒక్క ప్లేటు కూడా తియ్యలేదు అమ్మా.

ప్రసాద్ గారికి చూపించాను. వంగి ఆ లైను చదివారు.

"ఆ లైను తీసేసి, సైలెంట్‌గా అప్‌డేట్ పెట్టెయ్."

"మరి సాంబయ్య గారండీ?"

"ఎవరా సాంబయ్య?"

"దొంగని పంపేశారు కదండీ, గోడౌనాయన."

"అది వాళ్ళ గొడవమ్మా. మనం నోరు విప్పితే రేపట్నించి ఆటోనగర్‌లో ఒక్క షాపు మన సాఫ్ట్‌వేర్ ముట్టుకోదు. నాకు ఆఫీసుండదు, నీకు ఉద్యోగముండదు. అర్థమైందా?"

అర్థమైందండీ అన్నాను. లైను తీసేశాను. అప్‌డేట్ పెట్టాను. మెట్లు దిగి రోడ్డు మీద నిలబడి శ్రావణికి ఫోన్ చేసి, "నువ్వు కళ్ళతో చూడని లైను ఒక్కటి రికార్డులో రాసినా నా చెల్లెలివి కాదు" అని అరిచాను. పిచ్చిది, నమ్మింది. ఎడమ పేజీలన్నీ ఖాళీగా వదిలేసి సారు ముందు పెట్టింది. "ల్యాబు తియ్యండి సార్, వచ్చింది రాస్తాను" అందట. నాకు రెండేళ్ళలో రాని మాట.

మొన్న ఆటోనగర్ టీ బండి దగ్గర సాంబయ్య గారు కనిపించాడు. చిక్కిపోయాడు. నేను తప్పించుకోబోయాను, ఆయనే పిలిచాడు. "ఏ షాపులోనూ పెట్టుకోలేదమ్మాయ్. లారీలకి కాపలా ఉంటున్నా. దొంగకి కాపలా ఇచ్చారు చూడు, ఎంత తెలివైనోళ్ళో" అని నవ్వాడు. నా టీ డబ్బులు ఆయనే ఇచ్చాడు. "మీ చెల్లి కూడా నీ చదువే కదా, బాగా చదువుతోందా?" అని అడిగాడు. చదువుతోందండీ అన్నాను. గ్లాసు బండి మీద పెట్టేసి వచ్చేశాను.

ఇక్కడ తెరవాల్సిన నోరు ఇక్కడ మూసుకుని, చెల్లిని అక్కడ తెరవమన్నాను. నా కోపానికి అది సంతకం పోగొట్టుకుంది.

అందుకని, శ్రావణీ, ఇది పైకి గట్టిగా చదువు. రాసెయ్యి. అన్ని డబ్బాలూ గీసి, అన్నిట్లోనూ రాసెయ్యి. సారుకి ఒక నమస్కారం కూడా పెట్టు, పళ్ళు కొరుక్కుంటూనే పెట్టు. సంతకం తెచ్చుకో. నీ అబద్ధం పెన్సిల్‌తో ఉంటుంది, దాని వల్ల ఎవరి కంచంలో అన్నమూ పోదు. పరీక్షయ్యాక రబ్బరుతో చెరుపు. కుడి పేజీ ప్రోగ్రాములు ఒక్కొక్కటీ కంప్యూటర్ మీద నడిపి, అది నిజంగా ఏం చెప్తే అది రాద్దువు గాని. ఎర్రరొస్తే ఎర్రరే రాయి.

నాది పెన్సిల్‌తో రాసింది కాదు. రేపు ఆఫీసుకి వెళ్ళే ముందు ఆటోనగర్ వెళ్తాను. సాంబయ్య గారిని వెంటబెట్టుకుని ఆ షాపు ఓనరు దగ్గర నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్తాను. ఆయన్ని మళ్ళీ పెట్టుకుంటారో లేదో తెలీదు. నన్ను మాత్రం మా ఆఫీసులో ఉంచరు, అది తెలుసు. ఈ ఉత్తరం మీకందే లోపు అంతా అయిపోయి ఉంటుంది. ఫోన్ చేసి ఎందుకు చెప్పావని ఏడవకు అమ్మా. భయపడకు కూడా. నేను బాగానే ఉన్నాను.

నాన్నా, నువ్వు వింటున్నావని తెలుసు. మా ఇద్దర్లో ఒకరు షెడ్డులో చేరాల్సిందే అయితే నేను చేరతాను. అది చదువుకుంటుంది. దీని మీద నాతో వాదించకు.

నాయనమ్మకి నా దండాలు చెప్పు, కళ్ళల్లో మందు మర్చిపోవద్దను. పక్కింటి పిన్నిని అడిగానని చెప్పు. రోజూ పొద్దున్న దీపం పెట్టేటప్పుడు నా పేరు కూడా తలుచుకో.

మీ పెద్దమ్మాయి,
రమ్య

ఇంకో చిన్న పని అమ్మా. మీ మేస్త్రిని అడిగి షెడ్డులో వేసుకునే గమ్‌బూట్లు ఒక జత తీసి ఉంచు. నా సైజువి. శ్రావణి పాదం నాకన్నా చిన్నది, దాని సైజు అడగొద్దు.