తొమ్మిది కణుపులు

అరసవల్లి,
17-8-2015, సోమవారం.

అక్క భారతికి,

చెల్లెలు యమున నమస్కారాలు. మీరంతా చల్లగా ఉన్నారని, బావగారి మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను. ఇక్కడ మేము తింటున్నాం, తిరుగుతున్నాం. క్షేమమని మాత్రం రాయలేను. ఫోను ఎత్తితే అత్తగారు గుమ్మంలోకి వచ్చి నిలబడతారు. అందుకే ఈ కాగితం.

నిన్న విజయనగరం సుడోకు పోటీలో మీ మరిది ఓడిపోయారు. ఇంట్లో అంతా నావల్లేనంటున్నారు.

ఆదివారం పేపర్లో పెద్ద సుడోకు వస్తుంది చూడు. మామూలుది కాదు. ముందుగా ఒక్క అంకె కూడా ఇవ్వరు. కొన్ని కొన్ని గళ్ళకు చుక్కల గీతతో దడి కట్టి, మూలన వాటి మొత్తం వేస్తారు, అంతే. అడ్డం, నిలువు, తొమ్మిది గళ్ళ చదరం, పైగా మూల నుంచి మూలకి రెండు ఐమూల వరుసలు. ఎందులోనూ ఒక అంకె రెండోసారి రాకూడదు. రెండు గళ్ళ దడికి పదిహేడు ఉంటే అవి ఎనిమిది, తొమ్మిదే. ఏది ఎక్కడో పక్క వరుస చెబుతుంది. దానికి నా ఏడో తరగతి చాలు. మిగతాదంతా ఓపిక.

మీ మరిదికి లేనిది అదే. ఊహించి రాస్తారు, తప్పితే ఎంగిలి వేలితో రుద్దుతారు. ఆ ఉమ్మి తడి ఆరాక నేను పూర్తిచేసేదాన్ని. మొదట్లో సంతోషంగానే ఉండేది. పదకొండు వారాలు తన పేరుతో పంపుకున్నారు. పేపర్లో ఫోటో పడింది. కోచింగ్ సెంటర్ నరసింగరావుగారు ఇంటికొచ్చి, విజయనగరంలో గెలిస్తే మాస్టారుగా పెట్టుకుంటానని, వారానికి పది పజిళ్ళు పిల్లలకి తయారుచేసి ఇవ్వాలని అన్నారు. ఆ పది ఎవరు చెయ్యాలో నాకు తెలుసు. టీ ఇస్తూ, బల్లమీది పజిల్లో ఒక అంకె తప్పుందని మెల్లగా అన్నాను. "దీనికేటి తెలుసండీ, ఏడు సదివింది. గళ్ళంటే ముగ్గనుకుంటాది" అని ఈయన నవ్వారు. ఆ నరసింగరావుగారూ నవ్వారు. వాళ్ళు తాగిన గ్లాసులు ముట్టుకోవాలంటే రోత పుట్టింది.

ఆ తర్వాత ఈయనే పోటీకి ఉపాయం చెప్పారు. మనం కణుపుల మీద లెక్కపెట్టుకుంటాం కదా. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరం వేలు, మూడు మూళ్ళు తొమ్మిది. "ముందు వరసలో కూకో. నేను గడి మీద పెన్ను పెడతాను. నువ్వు జపం సేస్తన్నట్టు ఆ అంకె కణుపు మీద బొటనేలు పెట్టు" అన్నారు. సిగ్గుగా ఉందన్నాను. "మొగుడికి సాయం సెయ్యడానికి సిగ్గేటే?" అని అత్తగారు నా నుదుటికి విభూది పులిమారు, జపం నిజంలా కనిపించాలట. దేవుణ్ణి కూడా ఇందులోకి లాగారు.

వేదిక మీద ముగ్గురికి మూడు తెల్ల బోర్డులు. ఈయన గడి మీద పెన్ను పెట్టి, గడ్డం గోక్కుంటూ నా వేళ్ళవైపు చూసేవారు. నలభై గళ్ళు అలాగే నిండాయి. వెనక ఎవరో "ఏటి బుర్రరా బాబూ!" అన్నారు. అంతమందిలో చెయ్యి వణికి, బొటనవేలు పక్క కణుపు మీదికి జారింది. ఆ గడితో అంతా చెడింది. గంట కొట్టేసరికి ఇంకా సగం గళ్ళు ఖాళీ.

ఇంటికొచ్చాక అత్తగారు "సెయ్యి వణికించుకొని నా కొడుకు నోటికాడది తీసేసినావు" అన్నారు. ఈయనైతే, వచ్చే నెల ఇంకో పోటీ ఉందట, ఈలోగా వణక్కుండా సాధన చెయ్యమన్నారు. నన్ను, అక్కా! సాధన నేను చెయ్యాలట!

అన్నం సయించడం లేదు. పది రోజులు నీ దగ్గరికి రానా? బావగారిని అడిగి రాయి.

నీ ముందు మాత్రమే నోరు పెగిలే చెల్లెలు,
యమున

తా.క. నీకు అబద్ధం రాసి కవరు అంటించలేకపోతున్నాను. నా చెయ్యి వణకలేదు. ఐదో వరుసలో ఆ గడికి ఏడు రావాలి. నేను కావాలనే నాలుగు చూపించాను. రెండు గళ్ళ అవతల, అదే వరుసలో, ఆయన చేత్తో రాసిన నాలుగు కనబడుతూనే ఉంది. చూస్తారేమో, ఆగుతారేమో అని బొటనవేలు తియ్యకుండా అలాగే ఉంచాను. ఆయన చూడలేదు. రెండో నాలుగు రాసి, జనం వైపు తిరిగి నవ్వారు.