రెండో చివర ముడి

నర్సీపట్నం,
జూన్ 22

ప్రియమైన దుర్గకి,

మీ ఊళ్ళో ఫోను మాట్లాడాలంటే కొండెక్కాలి. నాకు చెప్పాల్సింది కొండంత ఉంది. అందుకే నువ్వడిగిన పూసల దండలతో పాటు ఈ ఉత్తరం కూడా డబ్బాలో పెట్టి, చింతపల్లి బస్సు డ్రైవరు మత్స్యలింగం చేతికి ఇస్తున్నాను. దండలు నీ తోటి టీచర్లకి. మాగాయ సీసా మాత్రం మీ ఆయన వాసు అన్నయ్యకి. నువ్వు మూత తియ్యకు.

రమణబాబు పెళ్ళి కుదిరిందని వాడే వచ్చి చెప్పాడు. కోటవురట్ల పిల్లట, పేరు శ్రీనిధిట, బ్యాంకులో ఉద్యోగమట. చెబుతుంటే వెధవకి చెవులు ఎర్రబడ్డాయి. రెండో తరగతిలో నా ఇంటికి వచ్చినప్పుడు నిక్కరు ఒక చేత్తో, పలక ఒక చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నువ్వూ అన్నయ్యా ఏజెన్సీ బళ్ళలో ఉద్యోగాలని వాణ్ణి నా దగ్గర వదిలి వెళ్ళారు. నా కడుపున ఎవరూ పుట్టలేదు గానీ వాడు నా కొడుకే. ఈ మాట నీ ముందు అనడానికి నాకేం మొహమాటం లేదు.

ఇక పని సంగతి. మన వరండాలో ఇప్పుడు ఎనిమిది మందిమి కూర్చుని పూసలు గుచ్చుతున్నాం. పొద్దున్న వంటలు దించుకుని వస్తారు, పిల్లలు బడి నుంచి వచ్చే వేళకి లేస్తారు. మధ్యలో ఎవరి అత్త ఏమంది, ఎవరి మొగుడు ఏం కొన్నాడు, అన్నీ పూసలతో పాటే దారానికి ఎక్కుతాయి. విశాఖలో డ్వాక్రా బజారు పెడతారట. మనకీ ఒక బల్ల ఇస్తామన్నారు.

శ్రీనిధికి ముత్యాల దండ, పగడాల దండ, చెవులకి పూసల జుంకాలు అన్నీ నేనే గుచ్చుతాను. నల్లపూసలు మగపెళ్ళివారే తీసుకెళ్ళాలి కాబట్టి వాటి సంగతి కూడా ఆలోచించాను. చిట్టితల్లి గుచ్చుతుంది. కిందటేడు పెళ్ళయి మన వీధికి వచ్చిన పిల్ల. చెయ్యి చురుకు, నోరు ఇంకా చురుకు.

అత్తమ్మ ఎలా ఉంది? మీ అన్నయ్య పోయిన నెల్లాళ్ళకే నీ దగ్గరికి వచ్చేసింది. నాలుగేళ్ళయినా ఈ గుమ్మం తొక్కలేదు. ఫోను ఇస్తే 'బాగున్నానే' అని నీ చేతికి ఇచ్చేస్తుంది. కొడుకు లేని ఇంట్లో కోడలి మొహం ఏం చూస్తాంలే అనుకుందేమో. నువ్వేం అడగకు. ఊరికే రాశాను.

నీ వదిన,
నూకరత్నం


జూలై 3

మా వదినకి,

డబ్బా అందింది. మాగాయ మీ వాసు అన్నయ్య మూడు రోజుల్లో నాకేశారు. దండలు చూసి మా టీచర్లు నువ్వా నేనా అని కొట్టుకున్నంత పని చేశారు. ఇంకో ఆరు పంపు.

అసలు సంగతికి వస్తాను. నల్లపూసలు చిట్టితల్లి గుచ్చడమేమిటి? నర్సీపట్నంలో నీ చెయ్యి ఉండగా నా కోడలి మెడలో ఇంకొకరి పనా? రమణ మొన్న వచ్చినప్పుడు నీ ఉత్తరం చదివి ఏమన్నాడో తెలుసా? "అత్త గుచ్చితేనే తెస్తానమ్మా. లేకపోతే పసుపుతాడే సాలు" అన్నాడు. నీ పెంపకం, నీ మొండితనం.

నువ్వెందుకు వద్దంటున్నావో నాకు తెలుసు. బొట్టు తీసేసిన చెయ్యి నల్లపూసలు ముట్టకూడదని. పెళ్ళికొడుక్కి లేదు, పెళ్ళికొడుకు తల్లిని నాకు లేదు. కందకి లేని దురద కత్తిపీటకెందుకు?

ఒక్క మాట. నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. నల్లపూసల దగ్గరికి వచ్చేసరికి లేచి వెళ్ళి బియ్యం ఏరుతూ కూర్చుంది. ఏరిన బియ్యమే మళ్ళీ ఏరింది. "ఏటమ్మా?" అంటే "ఏటీ లేదు, రాళ్ళున్నాయి" అంది. ఒక్క రాయి కూడా లేదు వదినా.

ఇంకేమీ ఆలోచించకుండా పని మొదలుపెట్టు.

నీ దుర్గ


నర్సీపట్నం,
జూలై 11

దుర్గా,

ఆరు దండలు పంపుతున్నాను. నల్లపూసలు కూడా పంపుతున్నాను. చిట్టితల్లి గుచ్చినవే. కోప్పడితే పడు.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. మీ అన్నయ్య పోయిన కొత్తలో నేను అన్ని పూసల్లాగే నల్లపూసలూ గుచ్చేదాన్ని. నక్కపల్లి నుంచి ఒకావిడ వచ్చి కూతురి కోసం ఒక గొలుసు కొనుక్కెళ్ళింది. ఎవరు చెప్పారో, మర్నాడు ఆటో కట్టించుకుని తిరిగొచ్చింది. వరండాలో అందరూ ఉన్నారు. గొలుసు నా ముందు పడేసి, "ఏటమ్మా, పసుపు కుంకం నేని సేత్తో గుచ్చి నా కూతురు మెళ్ళో ఏస్తావా? ముందే సెప్పాలా వద్దా?" అంది. డబ్బు ఇస్తానన్నా తీసుకోలేదు. డబ్బు మీద కూడా నా చెయ్యి పడిందనుకుందో ఏమో.

ఆవిడ మీద నాకు కోపం రాలేదు దుర్గా. అదీ నా బాధ. నిజమేనేమో అనిపించింది. ఆ రోజే నల్లపూసల డబ్బా అటక మీద పెట్టేశాను. ఇప్పుడు చిట్టితల్లే దింపుతుంది, చిట్టితల్లే ఎక్కిస్తుంది. నేను ముట్టను.

వాడి పెళ్ళికి గుచ్చాలని నాకు లేదనుకున్నావా? వాడికి పదేళ్ళున్నప్పుడే అనుకున్నాను, వీడి పెళ్ళానికి నేనే గుచ్చుతానని. కానీ రేపు వాడికి బండి మీద నుంచి పడి మోకాలు దోక్కుపోయినా నేను నా చేతుల వంకే చూసుకుంటాను. ఆ భయంతో బతకలేను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని నువ్వంటావు. అను.

గొలుసు ఎలా ఉందో రాయి. అత్తమ్మకి ముసురు రోజుల్లో కీళ్ళనొప్పులు. వేడినీళ్ళ కాపడం పెట్టు.

నూకరత్నం


జూలై 24

వదినా,

కూర్చుని చదువు. పని మధ్యలో చదవకు.

గొలుసు వచ్చిన రోజు మా క్వార్టరు అరుగు మీద మూత తీశాను. చూడ్డానికి బాగానే ఉంది. అమ్మ చేతిలోకి తీసుకుని, తన అలవాటు కొద్దీ రెండు చివరలూ పట్టుకుని చిన్నగా లాగింది. అంతే. ముడి జారి పూసలన్నీ అరుగంతా దొర్లాయి. మా బడి హాస్టలు పిల్లలు పరుగెత్తుకొచ్చి చీపురు పుల్లలతో సందుల్లోంచి ఏరారు. మీ చిట్టితల్లి దారానికి ఒక్క ముడి వేసి, కొసని అగరుబత్తితో కాల్చి కరిగించి వదిలేసింది. ఆ పిల్లని తిట్టకు, ఈ రోజుల్లో అందరూ అలాగే చేస్తున్నారట.

అమ్మ ఆ కాలిన కొసని బొటనవేలితో తడిమి, "ఇది రత్నం ముడి కాదే" అంది. నీ ముడి ఎలా ఉంటుందో నాకూ తెలుసు. మూడు చుట్లు చుట్టి, సూదిని వెనక్కి మూడు పూసల్లోంచి దూర్చి, ముడిని మూడో పూస లోపలికి లాగేస్తావు. బయటికి కనబడదు. నీ పెళ్ళయిన కొత్తలో అమ్మే నీకు నేర్పింది కదా. నువ్వు నక్కపల్లి ఆవిడ గురించి రాసింది అప్పుడు చదివి వినిపించాను. "సూశావా అమ్మా, వదిన ఎందుకు ముట్టడం లేదో" అన్నాను.

అమ్మ ఏడ్చింది వదినా. అన్నయ్య పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు.

నీ పెళ్ళికి నల్లపూసలు వర్ధనమ్మ పిన్ని గుచ్చిందని కదా మనందరం అనుకుంటున్నాం? ముత్తయిదువ గుచ్చాలని అమ్మ ఆవిడకే పని అప్పగించింది. సరిగ్గా ఆ వారమే పిన్నికి గోరుచుట్టు వచ్చింది. సూది పట్టలేకపోయింది. ముహూర్తం రెండు రోజుల్లో ఉంది, ఇంకొకరికి చెబితే ఊరంతా అపశకునం అంటారని అమ్మ వంటింటి తలుపు గడియ పెట్టుకుని తనే గుచ్చేసింది. అప్పటికి నాన్న పోయి రెండేళ్ళు. పిన్ని నోరు విప్పలేదు, అమ్మ అంతకన్నా విప్పలేదు.

"నా సేత్తో గుచ్చినవి నా కోడలి మెళ్ళో ఏయించాను. నా కొడుకుని నేనే తినేశానే. దాని మొహం ఎలా సూడమంటావు?" అంది. అందుకే నీ దగ్గర ఉండలేకపోయింది. కోపం కాదు వదినా. నాలుగేళ్ళుగా నీకు మొహం చూపించలేక ఇక్కడ దాక్కుంది.

నేను నా మెడలోవి తీసి అమ్మ ఒళ్ళో పెట్టాను. ఇవి రెండుసార్లు పెరిగాయి (తెగాయి అంటే అమ్మ ఊరుకోదు). రెండుసార్లూ గుచ్చింది ఎవరు? నాన్న పోయాకే కదా? మరి నీ అల్లుడు లోపల మంచం మీద గుర్రు పెడుతున్నాడు, వినబడుతోందా అని అడిగాను. అమ్మ నా గొలుసు చేత్తో పట్టుకుని, చివర ముడిని తడుముతూ కూర్చుంది.

నువ్వు దాచుకున్నవి తీసి చూడు. చివర మూడో పూస చూడు. తర్వాత నీ ఇష్టం. నేనింక బలవంతం చెయ్యను.

నీ దుర్గ


నర్సీపట్నం,
ఆగస్టు 6

ప్రియమైన దుర్గకి, పక్కనే కూర్చుని వింటున్న అత్తమ్మకి,

నీ ఉత్తరం వచ్చిన రోజు పెట్టె తీశాను. పదో రోజున తీసి గుడ్డలో చుట్టి పెట్టినవి, మళ్ళీ విప్పడం అదే మొదటిసారి. ఇరవై మూడేళ్ళు నా మెడలో ఉన్నాయి, ఒక్కసారీ పెరగలేదు. అందుకే ఆ ముడి నా కంట పడలేదు. మూడో పూసని సూదిమొనతో కొంచెం పక్కకి జరిపి చూశాను. లోపల మూడు చుట్లు. అత్తమ్మ ముడే.

ముందు కోపం వచ్చింది. మీ దగ్గర దాచడమెందుకు? గుచ్చినందుకు కాదు. ఆవిడక్కడా నేనిక్కడా ఒకే భయాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఒకరికొకరు చెప్పుకోకుండా నాలుగేళ్ళు కూర్చున్నందుకు. ఈ వరండాలో ఊళ్ళో వాళ్ళ కష్టాలన్నీ వింటాను. మా ఇంట్లో ఉన్నదొక్కటీ వినలేదు.

అత్తమ్మా, ఇది మీకు రాస్తున్నాను. మీ అబ్బాయి బి.పి. మాత్రలు చొక్కా జేబులో వేసుకుని తిరిగేవారు. అడిగితే "ఏసుకున్నానే" అనేవారు. ఆయన పోయాక ఆ చొక్కాలు ఉతికింది నేను. ఏ జేబులో చెయ్యి పెట్టినా మాత్రలే. అది మీకు చెబితే బాధపడతారని చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది. ఆయన్ని తీసుకెళ్ళింది మీ చెయ్యి కాదు. మీరు గుచ్చినవి వేసుకుని ఇరవై మూడేళ్ళు ఆయనతో పోట్లాడాను, సినిమాలకి వెళ్ళాను, రమణని పెంచాను. నాకు తక్కువేం కాలేదు.

మీ తప్పు కాదని మీకు ఇంత ధైర్యంగా రాశాక, నా చేతులకి మాత్రం భయపడితే అది న్యాయమేనా? రెండు రోజులు ఆలోచించాను. గుచ్చాలనుకున్నాను. కానీ తలుపు గడియ పెట్టి మాత్రం కాదు.

ఆదివారం కోటవురట్ల వెళ్ళాను. రమణకి కూడా చెప్పలేదు. శ్రీనిధి వాళ్ళమ్మ కాఫీ ఇచ్చింది. గ్లాసు కింద పెట్టి ఉన్నదున్నట్టు అడిగాను. "నల్లపూసలు నేను గుచ్చాలనుకుంటున్నానండి. నాకు భర్త లేడు. మీకు ఇష్టం లేకపోతే మొహమాటం లేకుండా చెప్పండి, వేరే వాళ్ళ చేత చేయిస్తాను." ఆవిడ కొంగు సర్దుకుంది. "మాకేటి నేదండీ, సుట్టాలే ఏటంటారో..." అని ఆగిపోయింది. నాకు లేచి వచ్చేయాలనిపించింది.

అప్పుడు శ్రీనిధి చిట్టితల్లి గొలుసు సంగతి ఎత్తింది. రమణ చెప్పాడట. "అమ్మా, బ్యాంకులో నాను కౌంటర్లో ఉన్నప్పుడు పూసలన్నీ దొర్లితే మేనేజరు గారొచ్చి ఏరతారేటి? సుట్టాలు ఏరతారేటి? గట్టిగా ముడేసేవాళ్ళు గుచ్చితే సాలు" అంది. వాళ్ళమ్మకి నవ్వొచ్చింది. నవ్వాక మనిషి మెత్తబడింది. "మంచిదండీ, మీరే గుచ్చండి. అడిగేవాళ్ళకి నాను సెప్తాను" అంది. వచ్చేటప్పుడు నాకు బొట్టు పెట్టబోయి చెయ్యి ఆపేసి, పూలు మాత్రం చేతిలో పెట్టింది. పూలు తెచ్చుకున్నాను. బస్సులో కాసేపు ఏడ్చాను, సంతోషానికే.

సోమవారం అటక మీద డబ్బా నేనే దింపాను. వరండాలో అందరూ పని ఆపేశారు. చిట్టితల్లి మాత్రం గబగబా వచ్చి, "అమ్మా, సూదిలో దారం నాను ఎక్కిస్తాను. ఆ ముడి నాకూ నేర్పు" అంది. అగరుబత్తి ఇంక ఈ ఇంట్లో దేవుడి దగ్గరే వెలగాలని చెప్పాను. మొదటిసారి ముడి పూస లోపలికి పోలేదు. రెండోసారికి కుదిరింది. తర్వాత చేతులకి అవే గుర్తొచ్చాయి.

దుర్గా, పెళ్ళి ఉపమాకలో ఆగస్టు ఇరవై మూడున కదా. గొలుసు ఈ డబ్బాలో ఉంటుందనుకుని వెతక్కు. పంపడం లేదు. పూసలన్నీ గుచ్చేశాను గానీ ముడి ఒక చివరే వేశాను. రెండో చివర అత్తమ్మది. అది కూడా శ్రీనిధి వాళ్ళమ్మకి చెప్పే వచ్చాను, సరేనంది. చూపు ఆనకపోతే చెయ్యి నేను పట్టుకుంటాను. ఆ ముడికి కళ్ళతో పనిలేదని నాకు నేర్పింది ఆవిడే.

అత్తమ్మా, శనివారం మత్స్యలింగం బస్సుకే రండి. ముందు సీటు ఉంచమని చెప్పాను. మీ మంచం ఎక్కడుండేదో అక్కడే వేశాను. పూసలు జారిపోకుండా రెండో చివరకి బట్టల క్లిప్పు పెట్టి ఉంచాను. అది పాత క్లిప్పు, ఎక్కువ రోజులు ఆగదు. బేగి రండి.

మీ కోడలు,
నూకరత్నం