మూడు కాళ్ళ పుల్లర్

మలికిపురం

అబ్బులు బావగారికి నమస్కారాలు.

ఫోన్ చేస్తే మీరు ముందు "అన్నం తిన్నారా బావగారూ?" అంటారు. తిన్నానని చెప్పి పెట్టేస్తాను. అందుకే రాస్తున్నాను.

రామచంద్రపురంలో మీ కొట్టులో మూడు కాళ్ళ బేరింగ్ పుల్లర్ ఉంటే నాకొకటి కావాలి. నా దగ్గరున్నది రెండు కాళ్ళది. బేరింగ్ ఊడలాగడానికి నేను బోల్టు తిప్పుతుంటే, కాళ్ళు జారిపోకుండా ఇంకొకరు నొక్కి పట్టుకోవాలి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ పని మీ చెల్లెలిదే. "ఆయ్, పట్టుకున్నానండి, తిప్పండి" అనేది.

తను పోయాక నిన్ననే మళ్ళీ షెడ్డు తెరిచాను. ఎవరో రొయ్యల చెరువు మోటారు రిపేరుకి తెచ్చారు. పుల్లర్ తగిలించి, అలవాటుగా "పట్టుకున్నావా?" అని అడిగి, జవాబు కోసం ఆగాను. మోటారు తెచ్చినాయన నా మొహం చూసి, చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. బేరింగ్ ఇంకా ఊడలేదు.

మూడు కాళ్ళదైతే దానంతటదే పట్టుకుంటుంది, పక్కన మనిషి అక్కర్లేదు. పాతది మాత్రం మార్పిడికి ఇవ్వను, అడక్కండి.

బస్సులో పార్సిల్ వేయకండి. మీరే పట్టుకురండి. అన్నం తిన్నానో లేదో అప్పుడు చూద్దురుగాని.

మీ బావ