ఎదురు

1981 ఫిబ్రవరి 9
మా ఆవిడ గౌరి వాళ్ళన్న వరహాలు మా గేటు ముందు నుంచే కార్పొరేటర్ నామినేషన్‌కి బయల్దేరాడు. ఫిషింగ్ హార్బర్‌లో ఐసు ఫ్యాక్టరీ పెట్టిన రోజు నుంచీ అతనికి అదే అలవాటు. చెల్లెలు నిండు బిందెతో ఎదురు రావాలి. నీ బీయే కన్నా మా సెల్లి బిందే నయం బావా, అన్నాడు నాతో. గౌరి నవ్వితే నీళ్ళు తొణికాయి.

1981 మార్చి 14
గెలిచాడు.

1982 ఆగస్టు 20
గౌరి పోయి వారం. కామెర్లు. పుణ్యస్త్రీగా పోయింది, అదృష్టవంతురాలు అంటున్నారు వచ్చినవాళ్ళు.

1982 డిసెంబర్ 6
వరహాలుకి ఎమ్మెల్యే టికెట్ వచ్చింది. నామినేషన్‌కి వెళ్తూ మనుషుల్ని జీపులోనే ఉంచి మా గేటు దగ్గర నిలబడ్డాడు. ఖాళీ సందు వైపు చూసి, చేతులు జోడించి వెళ్ళిపోయాడు.
సాయంత్రం అడిగాను. సెల్లి ఎదురొచ్చినాది కదా, నువ్వు సూడ్లేదేటి, అన్నాడు.
నాకు కనబడదేం, అన్నాను.
పోర్టాఫీసుకీ ఇంటికీ తప్ప నువ్వెక్కడికి బయల్దేరతావు బావా. బయల్దేరినోడికి కదా ఎదురు, అన్నాడు.
వేళాకోళమే. కానీ పొద్దున అతను చూసిన చోట నేల తడిగా ఉంది.

1983 జనవరి 7
మళ్ళీ గెలిచాడు.

1984 జూన్ 3
ఆదివారాలు ఊరికే బయల్దేరుతున్నాను. ఒకసారి యారాడ బీచి. ఒకసారి దువ్వాడ స్టేషన్. సందు చివరిదాకా మెల్లగా నడుస్తాను.
ఎవరూ రారు.

1985 ఫిబ్రవరి 8
వరహాలు మళ్ళీ నామినేషన్‌కి వచ్చాడు. ఈసారి గెలిస్తే మంత్రి అట. గేటు దగ్గర నిలబడ్డాడు. ముఖం పాలిపోయింది.
ఆగలేదు బావా. నన్ను దాటీసి మీ ఇంట్లోకెల్లిపోనాది. ఓపాలి బయటికి పంపించు, అన్నాడు.
లోపల ఎవరూ లేరని చెప్పాను.
అతను వెళ్ళాక చూశాను. వంటింటి గట్టు మీద నిండు బిందె. మా వీధి కుళాయికి మొన్నటి నుంచీ నీళ్ళు లేవు.

1985 ఫిబ్రవరి 27
జీపు లేకుండా నడిచి వచ్చాడు. మీటింగులకి జనం రావడం లేదట. లోపలికి రమ్మంటే గుమ్మం దాటలేదు. వంటింటి వైపు చూస్తూ, నాను ఎప్పటికైనా మంత్రినవుతాననే కదే బతికున్నప్పుడు సంబరపడ్డావు, అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, నీ ఓటైనా నాకే కదా బావా, అన్నాడు.
నీకే అని మాటిచ్చాను.

1985 మార్చి 5
ఓటుకి బయల్దేరాను. గేటు తీస్తుంటే వంటింట్లోంచి, ఎక్కడికి, అంది.
బయల్దేరేవాణ్ణి అలా అడగకూడదు. అడిగితే వెనక్కి వచ్చి కూర్చుని, నీళ్ళు తాగి వెళ్ళాలి. గౌరికి తెలియనిది కాదు.
కూర్చున్నాను. నీళ్ళు తెస్తోంది.